చిన్నాయన బిగించిన ఇంజన్

పోయిన మంగళవారం పొద్దున ఉరవకొండ నుంచి ఫోన్ వచ్చింది. "మా మామ పోయినాడక్కా, నిద్రలోనే" అన్నాడు చిన్నాయన అల్లుడు. నేను పాఠాలు చెప్పే బడిలో బెల్లు కొట్టినా వరండాలో అలాగే నిలబడిపోయాను.

ఆయన మాకు చుట్టం కాదు. మా నాయనకు స్నేహితుడు, మా పాత జీపుకు మెకానిక్. నేను చిన్నాయనా అని పిలిచేదాన్ని. బండి స్టార్ట్ చేయించి, సైలెన్సర్ వెనక అరచెయ్యి పెట్టి, ఆ చేతిని వాసన చూసేవాడు. ఇంజన్ బాగోగులు ఆయనకు ఆ చెయ్యే చెప్పేది. తర్వాత సబ్బుతో రెండుసార్లు కడుక్కుంటే గానీ టీ గ్లాసు ముట్టేవాడు కాదు.

కరువు రోజుల్లో మా నాయన ఆ జీపులోనే నీళ్ళ డ్రమ్ములు వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళకు తిరిగేవాడు. నాయన పోయాక నేను నడపడం నేర్చుకున్నాను. మూడేళ్ళ కిందట ఇంజన్ సీజై బిగుసుకుపోయింది. బాగుచేయడానికి ఏమీ మిగల్లేదన్నాడు చిన్నాయన. రిజిస్ట్రేషన్ గడువు కూడా దగ్గరపడింది. తనిఖీలో నెగ్గకపోతే నాయన జీపు పాత ఇనుములో కలిసిపోతుంది.

పాత సామాన్ల అంగట్లో ఒక డీజిల్ ఇంజన్ చూసి వచ్చి చెప్పాను.

"జీపు కంటే ముసల్ది అది. కాగితాలు గూడా ల్యావు. నేను బిగించను" అన్నాడు.

"ఎవరు చూస్తారు చిన్నాయనా? బానెట్ కిందనే కదా ఉండేది!"

"బండి నీదే పాపా. గాలి మటుకు అందరిదీ."

నాకు కోపం వచ్చింది. ఆయనకు తెలియకుండా వేరే ఊళ్ళో ఆ ఇంజన్‌నే బిగించుకున్నాను. తనిఖీ రోజు పొగ పరీక్షలో జీపు తప్పింది. ఇన్‌స్పెక్టర్ ఇంజన్ నంబరును ఆర్‌సీతో పోల్చి చూసి, "ముందుగా అనుమతి ల్యాకుండా ఇంజన్ ఎట్ల మార్చినారమ్మా?" అని కాగితాలు తిరిగి ఇచ్చేశాడు.

తల వంచుకుని చిన్నాయన షెడ్డుకు వెళ్ళాను. తిడతాడనుకున్నాను. మసిబారిన సైలెన్సర్ చూశాడు, నా మొహం చూశాడు.

"పొద్దున్నుంచి ఏమన్నా తిన్యావా?" అన్నాడు. తన క్యారియర్‌లోని సంగటి నా ముందు పెట్టి, తాను జీపు కిందికి దూరాడు.

బళ్ళారిలో, ప్రమాదంలో నుజ్జయిన కొత్త రకం జీపు ఒకటి ఉందని ఆయనే కనుక్కున్నాడు. దాని పెట్రోల్ ఇంజన్ బాగుంది, కాగితాలూ ఉన్నాయి. తెచ్చిన ఇంజన్ మీద గోనెపట్టా కప్పి, "అనుమతి చేతికొచ్చినంక స్పానర్ పడతా" అన్నాడు. నాతో దరఖాస్తు రాయించి, నాకు తోడుగా అనంతపురం రవాణా ఆఫీసుకు మూడుసార్లు వచ్చాడు.

తీరా అనుమతి వచ్చాక చూస్తే, అమ్మినవాళ్ళు పొగను శుభ్రం చేసే డబ్బా ఇవ్వలేదు. "అది ల్యాకున్నా బండి నడుస్తాదిలే అన్నా" అన్నాడు ఫోన్లో వాళ్ళ మనిషి.

"నడుస్తాదప్పా. పరీక్షలో నెగ్గద్దా?" అని, మోకాళ్ళ నొప్పులతోనే మళ్ళీ బళ్ళారి బస్సెక్కాడు. సాయంత్రం ఆ డబ్బాను పసిబిడ్డలా ఎత్తుకుని బస్సు దిగాడు.

ఈసారి జీపు నెగ్గింది. కొత్త ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఎక్కింది. ఆ కాగితం చూసి ఏడ్చేశాను. నేను చాటుగా వేరే చోటికి వెళ్ళిన సంగతి ఆయన ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు. ఎప్పుడు కృతజ్ఞత చెప్పబోయినా మాట మార్చేవాడు. అందుకే ఇప్పుడు మీ అందరి ముందూ చెప్పుకుంటున్నాను.

జీపు నెగ్గిన రోజు, చిన్నాయన నా పక్కన కూర్చుని ఉండగా, తిరుగుదారిలో గొర్రెల మంద అడ్డమొస్తే జీపు ఆపాను. ఇంజన్ ఆడుతూనే ఉంది. ఎండ మండిపోతోంది. మందను తోలుకెళుతున్న ముసలమ్మ జీపు వెనక నీడలోకి వచ్చి, సైలెన్సర్ పక్కనే కొంగుతో మొహం తుడుచుకుంటూ నిలబడింది. మంద దాటాక నేను గేరు వేయబోతే చిన్నాయన చేత్తో వారించాడు.

"ఉండు పాపా. ఆయమ్మ నీడకు నిలబడి ఉండాది."

ఆమె కట్టె అందుకుని తనంతట తాను కదిలేదాకా, అద్దంలో ఆమెనే చూస్తూ కూర్చున్నాడు.