వలెన్సియా చౌకేనా?

1984 వేసవిలో నేను అమెరికాలోని పిస్కాటవేలో ఒక మందుల కంపెనీ ప్రధాన కార్యాలయంలో సీనియర్ అనలిస్టుగా ఉన్నాను. విదేశాలకు పంపిన ఉద్యోగులకు జీవన వ్యయ భత్యం లెక్కకట్టడం మా విభాగం పని. అమెరికన్ కుటుంబం మామూలుగా కొనే సరుకులన్నిటినీ కలిపి ‘బాస్కెట్’ అనేవాళ్లం. అదే బాస్కెట్ విదేశంలో ఎంత ఎక్కువ పడితే అంత మేరకు భత్యం ఇచ్చేవాళ్లం.

ఆ ఏడు స్పెయిన్‌లోని వలెన్సియాతో చిక్కొచ్చింది. డాలరు బలంగా ఉంది, పైగా అది చౌక ఊరని పేరు. అయినా అక్కడి మా ఫ్యాక్టరీకి వెళ్లిన కుటుంబాలు భత్యం చాలడం లేదని, పెంచకపోతే వచ్చేస్తామని పట్టుబట్టాయి. సెలవుపై వచ్చిన ఆ దంపతులను మా డైరెక్టర్ డొరతీ సమావేశానికి పిలిచారు.

ఒక్కొక్కరూ ధరలు ఏకరువు పెట్టారు. చివరికి ఇంజనీరు ప్రభాకర్ భార్య ఎస్తేరు వంతు వచ్చింది. బాపట్లవైపు అమ్మాయి, మా తెలుగు ప్రార్థన కూడికల్లో పరిచయం. ఊరు చౌకేనని ఆమె నెమ్మదిగా చెప్పింది. చుట్టూ వరి పొలాలు, మార్కెట్‌లో తాజా చేపలు, కూరలు. మావాళ్లంతా ఇంగ్లిష్ మాట్లాడే ఒక్క దుకాణంలోనే అమెరికా డబ్బా సరుకులు కొంటున్నారు, ఇంకెక్కడా నోరు విప్పే ధైర్యం లేక, అంది. ప్రభాకర్ తల దించుకున్నాడు. ఆ మాటతో కోత పడేది అతనికి కూడా.

బయట కారిడార్‌లో ఎస్తేరును అడిగాను. “ఎందుకమ్మా అలా ఓపెన్‌గా చెప్పేశావు? మీ అలవెన్స్ కూడా కట్ అవుతుంది కదా!”

“అవనివ్వండి అన్నయ్యగారూ. పెంచితే ఇంకో నాలుగు డబ్బాలు కొంటారు, అంతేగా! పక్కింటావిడతో మాట్లాడలేక, మాలాగే భర్తతో వచ్చిన లిండా రోజూ ఏడుస్తోంది, చూళ్లేకపోతున్నా. మాకు స్పానిష్ నేర్పించమని మీ బాస్‌కి చెప్పండి. నేనైతే చేపలమ్మే ఆవిడ దగ్గర తిట్లు తింటూ నేర్చుకున్నా. అందరికీ అంత మొండితనం ఉండదుగా!”

భాషా శిక్షణ అప్పట్లో ఉద్యోగికే ఇచ్చేవారు, భార్యలకు ఉండేది కాదు. డొరతీ ఆర్థిక విభాగంతో గట్టిగా వాదించి ఆ నియమం మార్పించారు. భత్యం కొంత తగ్గింది. తోటి ఇల్లాళ్లు కొన్నాళ్లు ఎస్తేరుతో మాట్లాడటం మానేశారు. ఆమె పట్టించుకోలేదు. వలెన్సియా చేరాక తనే వాళ్ల తలుపులు తట్టి మార్కెట్‌కి తీసుకెళ్లిందని ప్రభాకర్ ఫోన్‌లో చెప్పాడు. మరుసటి సమీక్ష నాటికి ఒక్క కుటుంబమూ తిరిగి రాలేదు. అక్కడ ఉండే గడువు పొడిగించమని మొదట అడిగింది లిండా భర్తే.

ఊరు చౌకా ఖరీదా అన్నది అక్కడ ఉండే మనిషి ఎన్ని దుకాణాల్లోకి వెళ్లగలడన్న దాన్నిబట్టి కూడా ఉంటుందని నాకప్పుడు తెలిసింది. ఆ తరువాత ఏ నగరానికి భత్యం కట్టినా, మా కుటుంబాలు అక్కడ ఎవరితో మాట్లాడగలుగుతున్నాయో ముందు కనుక్కునేవాణ్ని.