బేరమాడకుండా పులస

ఉద్యోగం కొత్తలో మనిషికో జబ్బుంటుంది. నేర్చుకున్న నాలుగు ముక్కలతో అందరినీ ఉద్ధరించేద్దామనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకది బాగా ముదిరింది. మా ఊరు యానాంలోనే బ్యాంకు గుమాస్తాగా చేరిన మూడో నెలలో, పెద్దవాళ్ళు సొంత ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకే నెలనెలా డబ్బిస్తుందని తెలిసింది. ఇక కాలు నిలవలేదు. ఫరంపేటలో మా మేనత్త దగ్గరకు పరుగెత్తాను. మావయ్య పోయాడు, పిల్లల్లేరు, ఉన్నదల్లా చిన్న డాబా ఇల్లు. అదీ నా పేర వీలునామా రాసేసింది (అందుకే ఆవిడ వంటకు నేనెన్నడూ వంక పెట్టలేదు).

"బతికున్నన్నాళ్ళూ ఇల్లు నీదే అత్తా! ఆ తర్వాత బాకీ నేను తీర్చుకుంటాను. నువ్వు మహారాణిలా ఖర్చుపెట్టుకో" అన్నాను.

"అయితే ఒక్కసారన్నా పులసని బేరమాడకుండా కొనొచ్చేంట్రా?" అంది, కళ్ళు మెరుస్తుండగా.

ఇంటి విలువ ఎంత ఎక్కువ కడితే నెలకు అంత ఎక్కువ వస్తుందని పదిసార్లు చెప్పాను. సెలవు పెట్టి మరీ గోడలకు, తలుపులకు రంగులేశాను. ఆ రోజు రానే వచ్చింది. విలువ కట్టే ఇంజినీరుగారు టేపు విప్పారో లేదో, అత్త అందుకుంది.

"ఏం ఇల్లు లెండి బాబూ! వానొస్తే లోపల గొడుగేసుక్కూచోవాలండి. గోదారి పొంగితే మంచాల మీదకొచ్చేత్తదండి. ఆయ్! ఈ రంగులు కూడా పగుళ్ళు కనపడకుండా మావోడేసినయ్యేనండి."

(అబద్ధం. ఒక్క పగులుకే వేశాను.) టేపుతో ఎవరొచ్చినా ఇంటిపన్ను పెంచడానికేనని మా వీధిలో అందరికీ గట్టి నమ్మకం. అత్త కూడా ఆ అలవాటులోనే పడిపోయిందనుకుని, ఆయన వెనక నిలబడి చేతులూపాను, కళ్ళురిమాను. ఆవిడ చూడనట్టే ఉంది. చివరికి నేననుకున్నదాంట్లో సగమే రాశారు. అత్త మీద చిందులేసి, అన్నం కూడా తినకుండా వచ్చేశాను.

మొదటి నెల డబ్బు అందగానే పులస పులుసుకు రమ్మని అత్త నుంచి కబురొచ్చింది. గంటసేపు బేరమాడి కొందట. పెద్ద ముక్క నా కంచంలో వేస్తుంటే, ఉండబట్టలేక అడిగాను.

"ఆయన పన్నుకి రాలేదని నీకు తెలీదా అత్తా?"

"ఎందుకు తెలీదురా, పదిసార్లు చెప్పేవుగా. ఎక్కువ రాయిత్తే ఎక్కువిత్తారు. రేపు ఆ బాకీ తీర్చాల్సింది నువ్వేగా! గుమాస్తావి, ఎక్కణ్ణించి తెత్తావు? తిను, ముళ్ళు చూసుకో."

అత్త పోయాక ఆ బాకీ తీర్చడం నాకు పెద్ద కష్టం కాలేదు. ఇప్పుడా ఇంట్లోనే ఉంటున్నాను. ఒంటినిండా రంగులతో, ఆవిడ వైపు గుడ్లురుముతూ నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. ఇన్ని వానాకాలాలు గడిచాయి. లోపల గొడుగు వేసుకోవాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు.