రాణికి పుట్టింటి చీర

కువైట్‌లో, జహ్రా అనే ఊళ్లో నేను పనిచేసే ఇంటికి వారానికి రెండు సాయంత్రాలు ఒక టీచరమ్మ వచ్చేది. మా మామా, అంటే ఇంటి యజమానురాలు, కూతురికి ఫ్రెంచి చెప్పించేది. టీచరమ్మది అల్జీరియా. మేం బెర్బర్లం, అరబ్బులం కాదు అని టీ ఇచ్చిన ప్రతిసారీ చెప్పేది, నేనేదో కాదన్నట్టు.

ఆ రోజు ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. సముద్రం దగ్గర కొండమీద రాళ్లు పేర్చి కట్టిన గుండ్రటి కట్టడం, మా ఊరి గడ్డివామి లాగే ఉంది గానీ చాలా పెద్దది. పూర్వం వాళ్ల రాజొకడు తనకూ రాణికీ కట్టించుకున్న సమాధి అంటారట. నాలుగు దిక్కులా రాతి తలుపులు చెక్కారు, నాలుగూ ఉత్తుత్తివే. తర్వాతెప్పుడో ఆ దేశాన్నేలిన ఒక పాషా ఫిరంగులు పెట్టి కొట్టించినా లోపలికి పోలేకపోయాడు. చాలా ఏళ్లకు నేల కింద అసలు దారి దొరికితే, లోపల గదులు ఖాళీ. రాజూ లేడు, రాణీ లేదు.

"రాణి కూడా మీ వాళ్లేనా?" అని అడిగాను.

"కాదు. ఈజిప్టు రాణి కూతురు. తల్లి చచ్చిపోయాక బందీగా రోముకు తీసుకుపోయి, అక్కడ పెంచి, మా రాజుకిచ్చి పెళ్లి చేశారు."

"మరి ఆమె పోయినప్పుడు పుట్టింటి బట్ట ఎవరు తెచ్చారు?"

నా వంటింటి అరబ్బీలో చీరకు మాట లేదు, బట్ట అన్నాను. టీచరమ్మ నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆరు రోజుల ముందు మా అక్క బ్నీద్ అల్ గార్‌లో తను పనిచేసే ఇంట్లో గుండె ఆగి పోయింది. ఊరికి పంపే కాగితాల కోసం మార్చురీలో ఉంది. మా కడప వైపు ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు తెచ్చిన చీర కట్టకుండా సాగనంపరు. కువైట్‌లో అక్కకు పుట్టిల్లంటే నేనొక్కదాన్నే. పచ్చ చీర, ఎర్ర అంచుది, తెప్పించి పెట్టుకున్నాను. వెళ్లొస్తానంటే మామా రోజూ "బుక్రా" అనేది. రేపు అని. ఆవిడ రేపు ఎప్పుడొస్తుందో ఆవిడకే తెలియాలి.

నాలుగో రేపటికి పంపింది. మార్చురీ దగ్గర మనిషి నా సంచీ చూసి, పాపం మెల్లగానే, హిందీలో చెప్పాడు: "పొద్దున్నే పెట్టె సీలు వేశారమ్మా. ఖలాస్. ఇంక తెరవరు." కాళ్లు పట్టుకుంటానన్నాను. వద్దని పక్కకు జరిగాడు.

బయటికి రాగానే అమ్మ ఫోన్ చేసింది. ఏడుస్తూనే అడిగింది.

"అక్కకు చీర కట్టినావా పాపా?"

"కట్టినా మా."

"నీ చేత్తోనేనా?"

"నా చేత్తోనే."

అమ్మ ఏడుపు ఆపింది. పది రోజుల్లో మొదటిసారి. ఊరికి పోయాక వాళ్లెట్లాగూ పెట్టె తెరుస్తారు, వదిన ఒక చీర కడుతుంది, నా అబద్ధం ఎవరికి అడ్డమొస్తుందిలే అనుకున్నాను.

రెండో రోజు వీడియో కాల్‌లో మా వాకిట్లో పెట్టె చూశాను. వదిన చేతిలో కొత్త చీర ఉంది. మేనమామ సుత్తి తీసుకున్నవాడల్లా ఆగాడు.

"ఇన్ని దినాలయింది, తెరవద్దు. చూసి తట్టుకోలేరు. పుట్టింటి చీర చిన్నది ఆడనే కట్టి పంపింది గదా."

వదిన చీర అరుగు మీద పెట్టేసింది. నేను మామా వంటింట్లో ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. చీర కట్టలేదు, పెట్టె తెరవండి అంటే సరిపోయేది. పెట్టె పక్కనే అమ్మ ఉంది. నలుగురూ పెట్టెనెత్తారు. అక్క ఆసుపత్రి గుడ్డలోనే పోయింది.

ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా అమ్మ చెప్తుంది, దేశం కాని దేశంలో చిన్నది అక్కకు చీర కట్టి సాగనంపిందని. నాకు ఫోన్ చేసినప్పుడు కూడా చెప్తుంది. కుచ్చిళ్లు సరిగ్గా పెట్టినావా అని అడుగుతుంది. పెట్టినా మా అంటాను.