చిన్న టీచరమ్మకు చదువు చెప్పేదెవరు?

బస్సు నడిపేవాళ్ళకు కోపం గిట్టుబాటు కాదు. అడ్డమొచ్చిన ప్రతివాణ్ణీ తిట్టుకుంటూ పోతే సాయంత్రానికి గొంతు మిగలదు. అందుకే డ్రైవరమ్మ ఎవరేమన్నా ఒక చెవితో విని పక్క కిటికీలోంచి వదిలేసేది.

ఆవిడకు ఒక్కతే కూతురు. ఆరేళ్ళది. అందరూ పిచ్చుక అంటారు. పిచ్చుకకు చదవడం ఎవరూ నేర్పలేదు. బడిలో వేయకముందు అమ్మ వెనక సీట్లో కూర్చుని దుకాణాల బోర్డులు చూస్తుంటే, అద్దం మీద వాన చినుకులు జారి ఒకదాన్నొకటి కలుపుకున్నట్టు, అక్షరాలు వాటంతటవే మాటలైపోయాయి.

ఒకటో తరగతిలో చేరాక, "మీ పిల్ల మాకు చిన్న టీచరమ్మండీ!" అని టీచరు మురిసిపోయింది. డ్రైవరమ్మ ఆ మాట డిపో అంతా చెప్పుకుంది.

ఒకరోజు బస్సు మరమ్మతుకు పోవడంతో ఆవిడ మధ్యాహ్నమే బడికి వచ్చింది. కిటికీలోంచి చూస్తే, పిచ్చుక స్టూలెక్కి, చేత్తో స్కేలు పట్టుకుని, వెనక వరస పిల్లలకు కూడికలు చెబుతోంది. కుర్చీలో ఉన్న టీచరుది నిద్ర కాదుగాని, నిద్రకు పిన్ని వరస.

ఇంటికి నడుస్తూ అడిగింది. "ఇవాళ కొత్తగా ఏం నేర్చుకున్నావే?"

"నేను నేర్చుకోనమ్మా. చెప్తానంతే."

"నిన్న?"

"నిన్న కూడా చెప్పాను." పిచ్చుక కాసేపు ఆలోచించింది. "టీచర్లు నేర్చుకోరుగా!"

ఇన్నాళ్ళూ కిటికీలోంచి పోయిన కోపమంతా ఒక్కసారిగా తిరిగొచ్చి డ్రైవరమ్మ గుండెలో కూర్చుంది.

మర్నాడు ఆవిడ హెడ్మాస్టరమ్మ గదిలో ఉంది. "దాన్ని మూడో తరగతిలో వేయండి మేడమ్."

"ఆరేళ్ళ పిల్లనా? ఆ బెంచీ మీద కూర్చుంటే కాళ్ళు నేలకు ఆనవమ్మా!"

"నేను కొత్తగా స్టీరింగు పట్టినప్పుడు నా కాళ్ళూ క్లచ్చుకు అందలేదు. సీటు ముందుకు జరిపారు గాని, నన్నింటికి పంపలేదు."

హెడ్మాస్టరమ్మ నిట్టూర్చి, సరే పరీక్షిద్దామంది. మూడో తరగతి మాస్టారిని పిలిపించింది. వెదురుబొంగులాంటి మనిషి, వచ్చి గోడకు ఆనుకున్నాడు. పిచ్చుకను తీసుకొచ్చి బల్ల ముందు నిలబెట్టారు.

"పదిహేడులోంచి తొమ్మిది తీసేస్తే ఎంతమ్మా?" అని అడిగింది హెడ్మాస్టరమ్మ.

పిచ్చుక ఓపిగ్గా నవ్వింది. "మీరే చెప్పండి. తొందరేం లేదు."

"అడుగుతున్నది నేను!"

"వేళ్ళు లెక్కపెట్టుకోండి, ఫర్వాలేదు. తప్పయినా నేను కొట్టను."

మాస్టారు నవ్వాపుకోలేక మొహం గోడవైపు తిప్పుకున్నాడు. హెడ్మాస్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "చూశారా? తెలివుంటే సరిపోతుందా, అణకువ ఉండొద్దూ? దీనికి ఒకటో తరగతే ఎక్కువ."

"అణకువా!" డ్రైవరమ్మ కుర్చీలోంచి లేచింది. "బడి తెరిచిన దగ్గర్నుంచీ దాన్ని స్టూలెక్కించి జీతం లేని కొలువు చేయించుకున్నది మీరు. ఎదురుగా ఉన్నవాళ్ళకు రాదు, నీకే వచ్చు అని నేర్పింది మీరు. నేర్పిందే అప్పజెబితే పొగరంటారా? దానికి రానిది ఒక్కటంటే ఒక్కటి, ఎప్పుడైనా అడిగారా? పోనీ, ఇప్పుడు అడగండి!"

హెడ్మాస్టరమ్మ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది.

మాస్టారు ముందుకొచ్చి పిచ్చుక ఎదురుగా గొంతుకూర్చున్నాడు. "ఒక రొట్టె ముగ్గురు సమానంగా పంచుకున్నారు. తినబోతుంటే నాలుగోవాడొచ్చాడు. అందరికీ సమానం కావాలంటే, ఒక్కొక్కళ్ళు వాడికి ఎంత విరిచి ఇవ్వాలి?"

"మీరే..." అనబోయి పిచ్చుక ఆగిపోయింది. గాల్లో వేలితో గుండ్రంగా గీసింది. ముక్కలు చేసింది. చెరిపేసింది. మళ్ళీ గీసింది. మొహంలో వెలుగు ఒకసారి ఆరిపోయి, దీపం ఒత్తి ఎగదోసినట్టు మునుపటికంటే పెద్దదిగా లేచింది.

"నాకు రాదు," అంది, ఆ మాట ఎంత కొత్తగా ఉందో చూసుకుంటున్నట్టు. వెంటనే మాస్టారి చొక్కా పట్టుకుంది. "ఎలా? చెప్పండి, ఎలా?"

మాస్టారు పైకి చూశాడు. "మేడమ్, ఈ పిల్లకు రానివి నా క్లాసులో బోలెడున్నాయి. పంపించండి."

"లెక్కలకూ పాఠాలకూ మూడులో కూర్చోనిద్దాం," అంది హెడ్మాస్టరమ్మ మెల్లగా. "మిగతా పూట ఒకటిలోనే."

"హాఫ్ టికెట్టా?" అంది డ్రైవరమ్మ. "వయసుకు హాఫ్ టికెట్టు సరే మేడమ్. బుర్రకు కూడానా?"

"ముందు చూద్దామమ్మా."

"చూడండి. నేనూ చూస్తాను. ఒకటిలో ఉన్నంతసేపూ అది స్టూలెక్కకూడదు. ఎక్కిందని తెలిస్తే, మీ గేటు ముందు బస్సు ఆపి హారన్ కొడతాను."

ఆవిడ థాంక్సు చెప్పలేదు. తన సీట్లో తను కూర్చున్నందుకు ఎవరికి దణ్ణం పెడతారు? మిగతా సగం పూట సంగతి రేపొచ్చి మాట్లాడతానని చెప్పి తలుపు దాకా వెళ్ళి, "వెళ్ళొస్తానే" అంది కూతురితో.

పిచ్చుకకు వినపడలేదు. మాస్టారి పక్కన నేల మీద బోర్లా పడుకుని, సుద్దముక్కతో రొట్టెలు గీస్తోంది.