బండి తయారైనంక చెప్త

ఆ రోజుల్లో నాకొక జబ్బుండేది. చేసిన పని చెప్పుకోవడం అందరికీ ఉండే అలవాటే, నేను చేయని పని కూడా చెప్పుకునేవాణ్ణి. ఆదిభట్లలో విమానాల సామాన్లు తయారుచేసే కంపెనీలో కొత్తగా చేరాను. స్టోర్‌లో కూర్చుని ఏ డబ్బాలో ఏముందో రాసుకోవడం నా పని. ఇబ్రహీంపట్నంలో మా వాడకట్టు మొత్తం మాత్రం నేను విమానం రెక్కలు బిగిస్తాననే నమ్మేది (నమ్మించింది ఎవరో చెప్పక్కర్లేదు). అలాంటివాడి కంట మిలిటరీ జీపు పడితే ఊరుకుంటాడా. మిలిటరీవాళ్లు ఇక పనికిరాదని వేలం వేసిన జీపు ఒకటి తుక్కు వ్యాపారి దగ్గర తుప్పుపట్టి ఉంటే, దాన్ని మళ్లీ నడిపించాలని నాకు బుద్ధి పుట్టింది. ట్రాక్టర్‌కు కట్టి ఈడ్చుకొచ్చి మా పెరట్లో నిలబెట్టాను. బాపు దాని చుట్టూ ఒకసారి తిరిగి లోపలికి పోయాడు. అమ్మ బానెట్ మీద మిరపకాయలు ఎండబోసింది.

సాగర్ రోడ్డు మీద షెడ్డున్న ముసలి మెకానిక్, అందరూ ఉస్తాద్ అని పిలిచే మనిషి, ఎనిమిది నెలలు దాని మీద పనిచేశాడు. ఇంజన్ విప్పిందీ ఆయనే, బిగించిందీ ఆయనే. నేను పానాలు అందించాను, టార్చి పట్టుకున్నాను, చాయ్ తెచ్చాను. రంగు మాత్రం నేనే వేశాను, అదీ సగం. (మిలిటరీ ఆకుపచ్చ మామూలు మనుషుల బండ్లకు వేయకూడదని ఉస్తాద్ అంటే మట్టి రంగు వేశాం. లేకపోతే సరిహద్దు దాకా పోయొచ్చానని కూడా చెప్పేవాణ్ణేమో.) జీపు స్టార్టయిన రోజు మొహానికి కాస్త గ్రీజు రాసుకుని, చేతిలో పానా పట్టుకుని ఫొటో దిగాను.

నా కొంప ముంచింది ఆ ఫొటోనే. సంబంధాలు చూసే పెద్దమనిషి దాన్ని కందుకూరు పట్టుకుపోయాడు. పిల్ల తండ్రి మిలిటరీలో బండ్లు బాగుచేసి రిటైరైన మనిషి, ఊళ్లో అందరూ ఫౌజీ అంటారు. పెళ్లిచూపుల్లో ఆయన నా ఉద్యోగం గురించి అడగలేదు, జీతం అడగలేదు. ఫొటో చేతిలో పట్టుకుని, "గా జీపు నువ్వే చేసినవా?" అన్నాడు. అవ్ మామా, అంతా నేనే అన్నాను. మహేశ్వరం దవాఖానలో ల్యాబ్‌లో పనిచేసే ఆ అమ్మాయి అప్పుడే తలెత్తి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వుకు నేను అక్కడికక్కడే పడిపోయాను. ఆ వెంటనే ఫౌజీ మామ, ఆదివారం వచ్చి బండి చూస్తానన్నాడు.

ఆ వారం రోజూ ఉస్తాద్ షెడ్డుకు పోయాను. నాలుగు సాయంత్రాల్లో మెకానిక్ పని నేర్పమని ఉస్తాద్‌ను బతిమాలితే, తనకు నలభై ఏండ్లు పట్టిందని నవ్వి నన్ను పంపేశాడు. ఆదివారం పొద్దున ఏడింటికే స్కూటర్ చప్పుడైంది. ఫౌజీ మామ సంచిలోంచి డాంగ్రీ తీశాడు, అంటే మిలిటరీలో పనిచేసేటప్పుడు వేసుకున్న, షర్టూ ప్యాంటూ కలిపి కుట్టిన నీలం బట్టలు. అది తొడుక్కుని బానెట్ ఎత్తి, స్టూలు వేసుకుని కూర్చుని, కార్బరేటర్ విప్పమన్నాడు. విప్పడానికేం, ఎవరైనా విప్పుతారు. మళ్లీ బిగించమన్నాడు. చెమటతో పానా జారిపోతోంది. కిటికీలోంచి బాపు చూస్తున్నాడు. గంట తర్వాత కార్బరేటర్ దాని చోట్లో అది కూర్చుంది గానీ, కింద పరిచిన పేపరు మీద ఒక స్ప్రింగూ రెండు స్క్రూలూ మిగిలాయి. మెల్లగా వాటి మీద కాలు పెట్టాను.

"కాలు తియ్యి," అన్నాడు. "పెండ్లిచూపులల్ల నీ చేతులు చూసిననాడే నాకెరుకైంది. ఒక్క గాటు లేదు. బండిపని చేసినోని చేతులు గట్లుంటయా?"

ఉన్నదంతా చెప్పేశాను. ఆయన అడగకపోయినా విమానం రెక్కల సంగతి కూడా చెప్పేశాను. లేచి పోతాడనుకుని తల దించుకున్నాను. ఆయన పోలేదు. ఆ స్ప్రింగ్ తీసి నా చేతిలో పెట్టి, ఇది ఎక్కడ పెట్టాలో చూసుకొమ్మన్నాడు. "బండి తయారయ్యేదాంక పిల్ల ముచ్చట తియ్యొద్దు. తయారైనంక చెప్త."

అలా మొదలయ్యాయి ఆ ఆదివారాలు. శుభ్రంగా నడుస్తున్న జీపును ముక్కలు ముక్కలుగా విప్పించాడు. బ్రేకులు ఫౌజు లెక్కలో లేవన్నాడు, రేడియేటర్ కడిగిన తీరు బాగాలేదన్నాడు, బిగించిన ప్రతి నట్టూ మళ్లీ నాతోనే విప్పించి బిగించాడు. నా చేతులకు గాట్లు పడ్డాయి, గోళ్లలో నలుపు చేరింది, కంపెనీ బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు జరగడం మొదలుపెట్టారు. ఫౌజీ మామ పొద్దుగూకే వేళకు అమ్మ ఇచ్చిన చాయ్ తాగి, మళ్లీ ఆదివారం వస్తానని పోయేవాడు. పిల్ల మాట ఎత్తడు, నేను ఎత్తకూడదు. ఆమె నంబరు నా దగ్గర లేదు. ఈ మధ్యలో ఆమెకు పట్నం నుంచి ఇంకో సంబంధం వచ్చిందని తెలిసింది. బాపు ఓపిక కూడా అయిపోయింది. ఆ మనిషి పిల్లనిస్తాడా, లేక జీపునే తీసుకుపోతాడా, జర అడగమన్నాడు.

ఆరు నెలలకు ఇక విప్పడానికి ఏమీ మిగల్లేదు. ఇద్దరం జీపులో సాగర్ రోడ్డు మీద చాలా దూరం పోయొచ్చాం. ఎక్కడా ఆగకుండా నడిచింది. ఈ రోజు ఆయన చెప్పక తప్పదనుకున్నాను. పెరట్లోకి రాగానే ఆయన తల వంచి చెవి పెట్టి, గేర్‌బాక్స్‌లో ఏదో చప్పుడవుతోంది, దింపాలన్నాడు. నాకు ఏ చప్పుడూ వినపడలేదు. పానా కింద పెట్టేశాను. పిల్లనిస్తే ఇవ్వు, లేదంటే లేదని చెప్పు, ఇక నాతో కాదు మామా అన్నాను.

ఆయన చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "పిల్ల మొదటి రోజే అవ్ అన్నది," అన్నాడు.

"మరి చెప్పలేదేంది మామా?"

"చెప్తె పెండ్లి చెయ్యాలె. పెండ్లైనంక బిడ్డ అత్తగారింటికి వారం వారం వస్తె నలుగురు ఏమంటరు? ఇప్పుడంటె బండి కోసమని వస్తున్న. ఫౌజు నుంచి వచ్చి పదకొండేండ్లాయె, పానా పట్టుమని ఒక్కలు పిలువలే."

ఆరు నెలలు నా ప్రాణం తీసిన మనిషి మీద కోపం రావాలి. రాలేదు. "పెండ్లైనంక గూడ బండి ఖరాబైతది మామా," అన్నాను. "గది నేను చూస్కుంట."

మాట నిలబెట్టుకున్నాను. పెళ్లయి ఇన్నేళ్లుగా ప్రతి శనివారం సాయంత్రం ఏదో ఒక నట్టు వదులు చేస్తాను, ఆదివారం ఆయన వచ్చి కనిపెట్టి నన్ను తిడతాడు. మా ఆమె వంటింట్లో నవ్వుకుంటుంది. పోయిన ఆదివారం మాత్రం ఆయన ఏమీ తిట్టకుండా నట్టు బిగించి, "నువ్వే ఇప్పుతున్నవని నాకెరుకే. ఇగ బంద్ జెయ్యి, బండికి ఏం కాలే," అని డాంగ్రీ మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఆ మడిచిన తీరు చూసి నాకు భయమేసింది. నోటికొచ్చింది అనేశాను, మహేశ్వరం దిక్కు తుక్కులో ఒక మిలిటరీ లారీ చూశానని, ఇంజన్ జామైందని, మనం తప్ప దాన్ని బాగుచేసేవాళ్లు లేరని. ఆయన ఆగాడు. సంచి కింద పెట్టి, టేపు తెప్పించుకుని పెరడు కొలిచాడు. గోడ కొంచెం పగలగొట్టాలన్నాడు, వచ్చే ఆదివారం పోయి లారీ చూద్దామన్నాడు.

నలభై దగ్గరపడ్డ మనిషిని, సోమవారం నుంచి డ్యూటీ దిగగానే తుక్కు దుకాణాల వెంట తిరుగుతున్నాను. నన్ను చూస్తే నాకే నవ్వొస్తోంది. లారీ ఇంకా దొరకలేదు. ఈ రోజు శుక్రవారం.