మాటులో ముగ్గురం

చలికాలంలో కువైట్‌లోని ఈ అమ్ఘరాలో కొన్ని పొద్దులు మంచుకు ఏమీ కనబడవు. నేను పనిచేసే పాత ఇనుము యార్డులో రాత్రి కప్పిన పట్టలు మంచుకు తడిసి బరువెక్కి ఉంటాయి. పొద్దున్నే వాటిని లాగేటప్పుడు తడి గుడ్డ, ఇసుక, కొంచెం డీజిలు కలిసిన వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, నా మెడ వెనక వెంట్రుకలు లేస్తాయి. మా గదులున్న ఖైతాన్ నుంచి నాతోపాటు బండిలో వచ్చేవాళ్లు ఏమైందని అడిగితే చలి అంటాను. చలి కాదు. ఒకప్పుడు అలాంటి తడి గుడ్డ కింద, నడుము లోతు గుంతలో, దస్తగిరి మామ పక్కన కూర్చున్నాను. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన్ని చూడనివాళ్లకు ఆయన గురించి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెబితే నా సంగతి కూడా చెప్పాల్సి వస్తుందని మానుకున్నాను.

నేను కువైట్‌కి వచ్చింది ముప్పై ఒకటో ఏట, ఇంటిపని వీసా మీద. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇల్లు ముబారక్ అల్ కబీర్‌లో. మేమంతా ఆయన్ని బాబా అనేవాళ్లం. రెండు నెలలు కార్లు కడిగాక, చలి మొదలవగానే నన్ను ఎడారిలో ఉన్న ఆయన గొర్రెల కొట్టానికి పంపించారు. ఇంటిపని అని సంతకం పెట్టించుకుని గొర్రెల దగ్గరికి పంపడమేమిటని నేను లోలోపల గొణుక్కున్నాను. పైకి మాత్రం తల ఊపాను. తల ఊపడంలో నన్ను మించినవాడు లేడు అప్పట్లో. కొట్టం ముందు బండి దిగితే, పొట్టిగా, నెరిసిన గడ్డంతో ఒక మనిషి నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని పాత రబ్బరు చెప్పు కుట్టుకుంటున్నాడు.

“ఏ ఊరు అబ్బీ?” అన్నాడు తల ఎత్తకుండానే.

చెప్పాను. ఆయనది రాయచోటి పక్కన. మా రెండు ఊళ్ల మధ్య బస్సులో గంట దూరం.

“అయితే మనోనివే. అన్నం తింటివా? తిని పండుకో. పని యాడికీ పోదు.”

ఎడారిలో తెలుగు మాట వినబడితే ఏడుపొస్తుందని నాకు అంతవరకు తెలియదు. ఆ రోజునుంచే ఆయన నాకు మామ. ఆయన అప్పటికి అరవై దాటాడు. పదిహేడేళ్లుగా ఆ కొట్టంలోనే ఉన్నాడు. కింది పళ్లలో ముందువి రెండు లేవు. నమాజు తప్పేవాడు కాదు, బీడీ కూడా తప్పేవాడు కాదు.

వచ్చిన నాలుగో రోజు పొద్దుగూకే వేళ కొట్టం వెనక ఎవరో ఆడమనిషి ఏడ్చినట్టు వినబడింది. సన్నగా మొదలై, పెరిగి పెరిగి, పైన ఎక్కడో తెగిపోయే ఏడుపు. చుట్టూ కనుచూపు మేర ఇల్లన్నది లేదు. నేను కర్ర పట్టుకుని పరుగెత్తాను. అక్కడ మామ ఒక్కడే ఉన్నాడు. రెండు అరచేతులు నోటి చుట్టూ దోనెలా పట్టుకుని ఎడారి వైపు తిరిగి నిలబడ్డాడు. నన్ను చూసి, మాట్లాడవద్దన్నట్టు వేలు ఎత్తాడు. కాసేపటికి చీకటి పడుతున్న దిక్కునుంచి అదే ఏడుపు తిరిగి వచ్చింది. నేను కర్ర ఎత్తాను.

“పిట్టరా. కరవాన్ అంటారు ఈడ,” అన్నాడు మామ నవ్వుతూ. “పొడుగు కాళ్లు, పెద్ద కండ్లు. మన వంకల్లో గూడా ఉంటాది, అది అరిస్తే మా జేజి తలుపేసుకునేది. బాబాకు దీని వేటంటే పిచ్చి.”

ఊళ్లో ఉన్నప్పుడు ఆయన కౌజు పిట్టల్ని కూతతో పిలిచి పట్టేవాడట. ఇక్కడికి వచ్చాక ఒక్క చలికాలంలో కరవాన్ కూత నేర్చుకున్నాడు. ఆ కూతలో ఒక లోపం ఉండేది. మూడు కూతలు కూసి ఊపిరి పీల్చుకునేటప్పుడు పళ్ల సందులోంచి సన్నగా ‘స్’మని గాలి పోయేది. నేను దాన్ని పట్టుకుని ఆటపట్టిస్తే, “పిట్టలకు పండ్లుండవు, నాకూ లేవు. యాదో సరిపెట్టుకుంటాండాయి లే,” అనేవాడు.

మా వేట పద్ధతి ఇది. ముందురోజు మామా నేనూ ఎడారిలో ముళ్లపొద పక్కన నడుము లోతు గుంత తవ్వేవాళ్లం. పైన ఇసుక రంగు పట్ట కప్పి, దానిమీద పొదల కొమ్మలు గుచ్చి, ముందు వైపు జానెడు సందు వదిలేవాళ్లం. అదే మా మాటు. తెల్లవారకముందే ముగ్గురం అందులో దూరేవాళ్లం. బాబా చేతిలో తుపాకీ. ఆయనకు డెబ్బై దాటింది, కంటి ఆపరేషన్లు అయ్యాయి, దూరం సరిగా ఆనదు. అందుకని చూసి చెప్పడం నా పని, పిలవడం మామ పని. అంటే ముగ్గురం కలిస్తే ఒక వేటగాడు. ఆ వేటకు అనుమతి లేదని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. అప్పుడే తెలిసినా తల ఊపి ఉండేవాణ్ణి.

“కాళ్లు సూడు, మెడ సూడు, కన్ను సూడు,” అని మామ నాకు నేర్పాడు. “మూడూ కనపడినాకనే యేలు సూపించు. సప్పుడు ఇని సూపించొద్దు. మనకు యాది కావాల్నో కన్ను అదే సూపిస్తాది, జాగర్త.”

వేట అయ్యాక ఎంత అలిసిపోయినా గుంత పూడ్చనిదే ఆయన కదిలేవాడు కాదు. మనిషి పట్టే గుంత తెరిచిపెట్టి పోకూడదనేవాడు.

ఆ చలికాలమే బాబా కొడుకు ఒకసారి కొట్టానికి వచ్చి, మామను కూయమని ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. వెంటనే ఎవరెవరికో పంపించాడు. అవతలివాళ్లు ఇది పిట్టే, మనిషి కాదని పందేలు కాస్తున్నారని చెప్పి నవ్వాడు. నేనూ గొప్పగా నవ్వాను. ఆ రాత్రి అన్నం దగ్గర మామ ముద్ద కలుపుతూ ఆగిపోయాడు.

“నా గొంతు నా కాడుంటే అది యాడుండాదో నాకు తెలుస్తాది. ఇప్పుడు యాడికి పోతాదో ఎట్ల తెలుస్తాది అబ్బీ?”

నేను పట్టించుకోలేదు. ఆయన మనసంతా అప్పుడు వేరే దానిమీద ఉందని నాకు తెలుసు. రాబోయే రంజాన్‌కి తన కారులోనే మక్కాకి, ఉమ్రా యాత్రకి, తీసుకుపోతానని బాబా మాటిచ్చాడు. పదిహేడేళ్లలో మామ బాబాను అడిగింది అదొక్కటే. ఆయన అప్పుడే ఆ యాత్రలో కట్టుకునే రెండు తెల్లగుడ్డలు కొని ప్లాస్టిక్ కవర్లో చుట్టి తలగడ కింద పెట్టుకున్నాడు. దారిలో ఏ ఊరు తర్వాత ఏ ఊరు వస్తుందో నాకు వల్లె వేసి వినిపించేవాడు. బాబాకు కోపం తెప్పించే పనేదీ ఆ నెలల్లో ఆయన చేయలేదు. నన్ను కూడా చేయనివ్వలేదు.

ఇక ఆ పొద్దు సంగతి. మాటులో దూరేసరికి మంచు దిగింది. బాబా తుపాకీ గొట్టం చివర నాకు కనబడడం లేదు. పట్ట తడిసి మా తలలకు అంటుకుంటోంది. ఇంటికి పోదామని మామ అన్నాడు. పిట్టకు కూడా మనం కనబడం కదా అన్నాడు బాబా. మామ చేతులు నోటి దగ్గర పెట్టుకుని కూశాడు. మంచులో ఆ ఏడుపు ఎటు పోయిందో కూడా తెలియలేదు. ఇంక ఏమీ రాదనుకున్నాక జవాబు వచ్చింది.

బాబా నా మోకాలు నొక్కాడు, సంతోషంతో. మామ మళ్లీ కూశాడు. మళ్లీ జవాబు, ఈసారి దగ్గరగా. కరవాన్ ఎప్పుడూ నేరుగా రాదు. పక్కకు జరుగుతూ, ఆగుతూ, అనుమానిస్తూ వస్తుంది. ఇది తిన్నగా వస్తోంది. మామ కూత ఆపేశాడు. ఆపినా అది ఆగలేదు. అదే ఏడుపు, అంతే పొడుగు, అక్కడే తెగడం.

“వేన్?” అన్నాడు బాబా నా చెవిలో. ఎక్కడ అని.

మంచు ఒకచోట కొంచెం పలచబడింది. పొద పక్కన బూడిద రంగులో ఒకటి నిలబడి ఉంది. నేను కాళ్లు చూశాను. మెడ చూశాను. పచ్చటి గుండ్రటి కన్ను, రెప్ప వేయకుండా మావైపే చూడడం చూశాను. వేలు చూపించాను. బాబా గొట్టాన్ని నా వేలి దారిన తిప్పాడు.

అప్పుడు అది మళ్లీ కూసింది. మూడు కూతలు. చివర సన్నగా ‘స్’మని గాలి.

మామ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన వేళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి. “అది నా గొంతురా,” అన్నాడు. మామ నా పక్కనే నోరు మూసుకుని ఉన్నాడు, ఆయన గొంతు మంచులోంచి మావైపు వస్తోంది. చిన్నప్పుడు విన్న దయ్యాల కథలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మామకు మాత్రం దయ్యం తట్టలేదు. ఆయన బాబా వైపు తిరిగి అరబ్బీలో, “పిట్ట కాదు బాబా. మనిషి. ఇన్సాన్,” అన్నాడు.

బాబా ఆయన్ని చేత్తో ఆపి, నన్ను అడిగాడు. పిట్టేనా?

అడిగినవాడు బాబా. పక్కనే మామ, పదిహేడేళ్లుగా ఆ కూత కూస్తున్నవాడు. నేను ఇంకోసారి చూశాను. కాళ్లు, మెడ, కన్ను. “పిట్టే బాబా,” అన్నాను.

బాబా తుపాకీని భుజానికి ఆనించుకున్నాడు. మామ పట్ట తోసేసి లేచాడు. గుంతలోంచి పైకెక్కి, రెండు చేతులూ ఎత్తి, తుపాకీకి ఎదురుగా మంచులోకి నడిచాడు. “ఇన్సాన్, ఇన్సాన్,” అంటూ పోయాడు. నాలుగు అడుగుల తర్వాత తెలుగులోకి వచ్చేశాడు. “మనిసినప్పా. నేను మనిసిని. కాల్చొద్దు.” ఆ మాట ముందున్నవాడికి చెబుతున్నాడో, వెనకున్న మాకు చెబుతున్నాడో తెలియలేదు. బాబా బూతు తిడుతూ తుపాకీ దించాడు. అవతలనుంచి ఆ కూత ఇంకోసారి మొదలై, సగంలో టక్కున ఆగిపోయింది. తర్వాత ఇసుకలో పరుగెత్తే అడుగుల చప్పుడు. అదీ పోయాక మంచులో మామ ఊపిరి ఒక్కటే వినబడింది.

మంచు తేలాక చూశాం. మా మాటుకు ముప్పై అడుగుల దూరంలో, పొద పక్కన ఇసుకలో రెండు మోకాళ్ల గుంటలు ఉన్నాయి. వాటి ముందు మోచేతులు ఆనించిన గుంటలు. రెండూ మావైపే తిరిగి ఉన్నాయి. ఒక ఎర్రటి తూటా కిందపడి ఉంది, పేలనిది. పిట్ట అడుగు ఒక్కటీ లేదు. బాబా కొడుకు పంపిన కూతను ఎవడో చిన్న స్పీకరులో పెట్టుకుని వేటకు వచ్చాడు. మామ కూతను పిట్ట అనుకుని, మామ గొంతుతోనే మామను పిలుచుకుంటూ మోకాళ్ల మీద వచ్చాడు. ఇంకో కూత కూసి ఉంటే వాడైనా, మేమైనా పోయేవాళ్లం. బాబా ఆ తూటా తీసి జేబులో వేసుకున్నాడు. బండెక్కాడు. మామ పార తీసుకుని గుంత పూడ్చడం మొదలుపెట్టాడు.

బాబా మెచ్చుకుంటాడనుకున్నాను. నెలరోజులు కొట్టం వైపే రాలేదు. హత్య చేయకుండా తనను ఆపిన మనిషి ముఖం చూడలేకపోయాడని ఇప్పుడు నాకు అర్థమవుతుంది. రంజాన్ ఇంకా మూడు వారాలుందనగా వచ్చి, మామకు వయసు అయిపోయిందని, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం ఇక రాదని చెప్పి విమానం టికెట్ చేతిలో పెట్టాడు. “ఖలాస్,” అన్నాడు నేల చూస్తూ, ఇక అయిపోయిందని. ఉమ్రా మాట ఆయన ఎత్తలేదు, మామా ఎత్తలేదు. తర్వాత బాబా నా భుజం తట్టి, నువ్వుండు, నీ కళ్లు మంచివి అన్నాడు. నేను షుక్రాన్ అన్నాను. సరిగ్గా విన్నవాణ్ణి పంపించి, తప్పు చూసినవాణ్ణి ఉంచుకుంటే, ఉంచుకున్నవాడు థాంక్స్ చెప్పాడు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుతో చెవులు కాలుతాయి.

బండి కోసం చూస్తూ మామ ట్యాంకు నీడలో కూర్చున్నాడు. నేను ఎదురుగా కూలబడ్డాను.

“మామా, నేను అబద్ధం చెప్పలేదు. నాకు పిట్టే కనబడింది.”

“నాకు తెలుసులే అబ్బీ.”

“మరి నువ్వు నన్నొక మాట కూడా అనలేదే?”

ఆయన బీడీ ఆర్పి, ముక్కను జేబులో పెట్టుకున్నాడు. “అబద్ధమైతే రేపట్నుంచి మానుకుంటావు. నిజంగా కనపడినదాన్ని ఎట్ల మానుకుంటావు? అదే నాకు బయ్యం. ఇంగ మీద కన్ను సూపించినా, నోరిప్పి అడుగు. మనిసైతే పలుకుతాడు.”

మక్కా చూడకుండానే ఆయన తన ఊళ్లో పోయాడు. నేను ఆ కొట్టం వదిలి, వీసా మార్చుకుని ఈ యార్డుకు వచ్చాను. ఇక్కడ ఇనుప కుప్పల మధ్య మంచులో ఏది కదిలినా, “ఎవరది, మనిషేనా?” అని గట్టిగా అడుగుతాను. తెలుగులో, ఉర్దూలో, అరబ్బీలో. జవాబు వచ్చేదాకా అడుగు వేయను. కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఆ మోకాళ్ల గుంటల్లో నా చెయ్యి పెట్టి చూశాను, ఆ ఇసుక చల్లదనం ఇంకా నా అరచేతికి తెలుసు. అయినా కళ్లు మూసుకుంటే ఆ పొద పక్కన మోకాళ్ల మీద ఉన్న మనిషి నాకు ఒక్కసారి కూడా కనబడలేదు. ఈరోజుకీ అక్కడ పిట్టే ఉంది.