కొత్త తెర మీద పాత ముద్ర

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయే రకం నేను. నర్సీపట్నంలో పదకొండేళ్లుగా టీవీలు బాగుచేస్తున్నాను. తెర మీద ఏది కనిపించినా లోపల కారణం దొరుకుతుంది. దొరకనిది ఇదొక్కటే.

రిటైరైన టీచర్ రత్నకుమారి గారి ఇంట్లో పెద్ద ఓఎల్ఈడీ టీవీ ఉంది. మంచాన పడిన ఆమె భర్త రెండేళ్లూ పొద్దస్తమానం ఒకే వార్తల ఛానెల్ చూసేవారు. ఈ రకం టీవీల్లో కదలని బొమ్మ ఎక్కువకాలం వెలిగితే అక్కడ తెరలో వెలిగే చుక్కలు అరిగిపోతాయి. ఛానెల్ అడుగున ఉండే పట్టీ, మూలనున్న టైము గడి అలాగే ముద్రపడ్డాయి. ఏ సినిమా పెట్టినా వెనక అవి కనిపించేవి.

ఆయన పోయాక ఆమె కంప్లయింట్ పెట్టారు. వారంటీ ఉంది. తెర మొత్తం నేనే మార్చాను. తెర నిండా బూడిదరంగు పెట్టి చూపిస్తే ఎక్కడా మచ్చ లేదు. ఆమె సంతకం చేశారు.

మూడు వారాలకు ఫోను.

"ఏటి బాబూ, కొత్తది ఏసేనన్నావు. పాతదే తుడిసి బిగించేసినావా?"

వెళ్లి చూశాను. అదే పట్టీ, అదే గడి, అదే చోట.

నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. కొత్త తెర నేను అమ్ముకున్నానని ఆమె అప్పటికే సర్వీస్ సెంటర్‌కి చెప్పేశారు. తేల్చుకుని రా, లేకపోతే పనిలోకి రావద్దన్నాడు మేనేజరు.

ఆమె ఎదుటే టీవీ విప్పి, తెర వెనకున్న నంబరు ఆమెనే చదవమన్నాను. ఆమె సంతకం చేసిన కాగితం మీదున్న కొత్త నంబరే. మెనూలో చూస్తే ఆ తెర వెలిగింది ముప్పై ఎనిమిది గంటలు. అంతలో అంత ముద్ర పడదు.

"ఆ ఛానెల్ ఎవరైనా పెడుతున్నారా అమ్మా?"

"ఎవులు పెడతారు? ఆయన పోయిన నెలకే తీయించీసేను." రిమోట్ నా చేతికిచ్చారు. నొక్కి చూశాను. ఆ ఛానెల్ రాలేదు. "నిన్ను మాట అనీసేను బాబూ. తప్పు నాదే," అన్నారామె.

మేనేజరు ఇంకో తెర తెప్పించాడు. ఈసారి టీవీని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి, అక్కడే దాన్ని బిగించి ఇరవై రోజులు నడిపాం. శుభ్రంగా ఉంది. తెచ్చి ఆమె గోడకు పెట్టాను. ఆరో రోజుకి టైము గడి, తొమ్మిదో రోజుకి పట్టీ.

మళ్లీ మారుద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. తెర దగ్గరికి వెళ్లి ఆ గడి మీద వేలు పెట్టారు.

"మందుల టైము ఇందులోనే సూసుకునీవోరు. ఉండనీ."

కంప్లయింట్ మూయాలంటే కారణం రాయాలి. నేను చాలాసేపు ఆలోచించి, "ఒకే ఛానెల్ ఎక్కువ గంటలు చూడటం" అని రాశాను. ఎవరు చూశారని అడిగితే, నాకు తెలియదు.